పసుపు టేపు మీద పద్నాలుగు నిమిషాలు

స్విచ్చు సారుని ఏడో గదిలో నిలబెట్టాలని సిగ్నలమ్మ నిశ్చయించుకుని ఆ రోజుకి నలభై మూడు రోజులైంది. ఈ నలభై మూడు రోజులూ ఆమె ఆయనకి పొద్దున్నే నమస్కారం పెట్టింది, అడిగిన వివరాలన్నీ అడిగిన వేళకి ఇచ్చింది, ఆయన వేసే పాచిపోయిన జోకులకి అందరికంటే ముందు నవ్వింది. కడుపులో నిప్పులు పెట్టుకుని మొహాన నవ్వు పులుముకోవడం ఇంత తేలికని ఆమెకి అంతకుముందు తెలియదు.

ఆ కోల్డ్ స్టోరేజీలో అసలు పేర్లు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడవు. కనపడ్డ లైటల్లా ఆర్పుకుంటూ తిరుగుతాడని మేనేజరుకి స్విచ్చు సారు అని పేరు. బాత్రూములో మనిషి ఉండగానే బయటి నుంచి లైటార్పేసిన ఘనుడు ఆయన. పైకప్పుకి బిగించిన తెల్లపెట్టెల మంచీచెడ్డా చూసుకునే ఇంజనీరు కాబట్టి ఆమె సిగ్నలమ్మ. అక్కడే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆమె అన్నయ్యని మాత్రం అందరూ అన్నయ్యా అనే పిలిచేవారు. ఆమె నోట విని విని, ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా.

ఆ తెల్లపెట్టెల సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఆమె కక్ష అర్థం కాదు. అక్కడ తొమ్మిది గదులు. ఒక్కో గదీ ఆటస్థలమంత ఉంటుంది. లోపల సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద చలి. రెండంతస్తుల ఎత్తు ర్యాకుల మధ్య సందుల్లో ఎవరు ఎక్కడున్నారో బయటివాళ్ళకి తెలియడానికి ప్రతివాళ్ళ జాకెట్టుకీ ఒక బ్యాడ్జి ఉంటుంది. పైనున్న పెట్టెలు సిగ్నళ్ళు పంపుతాయి. ఏ పెట్టె సిగ్నలు ఎంత ఆలస్యంగా అందిందో చూసుకుని బ్యాడ్జి తానెక్కడుందో లెక్కకట్టుకుంటుంది. ఆఫీసులో పెద్ద తెర మీద అక్కడ ఒక చుక్క వెలుగుతుంది.

మొదట్లో ఆ పెట్టెలు వినేవాడున్నా లేకపోయినా అరుస్తూనే ఉండేవి. సెలవు రోజున గదిలో పురుగన్నది లేనప్పుడు కూడా, నేనిక్కడున్నా నేనిక్కడున్నా అని ఒకటే గోల. కరెంటు దండగ సరే, గాలంతా వాటి అరుపులతోనే నిండిపోయి, సరుకు మీది చీటీలు చదివే యంత్రాలకి నెట్‌వర్కులో చోటు దొరికేది కాదు. ఎవరైనా అడిగినప్పుడే పంపితే పోలేదా అన్న ఆలోచన సిగ్నలమ్మదే. బ్యాడ్జి మీద బటన్ నొక్కితే రిక్వెస్టు వెళ్తుంది. చుట్టుపక్కల ఉన్న నాలుగు పెట్టెలు మాత్రమే లేస్తాయి, రెండు సెకన్లు పలికి మళ్ళీ పడుకుంటాయి. ఆరు నెలలు కూర్చుని చేసింది దాన్ని. మొదటి బటన్ అన్నయ్యే నొక్కాడు. తెర మీద తన చుక్క చూసుకుని, "పిలిస్తే పలుకుతున్నాయే నీ పెట్టెలు!" అని మురిసిపోయాడు.

స్విచ్చు సారుకి అది చాల్లేదు.

"అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తే ఇంక పొదుపేముందమ్మా? సరదాకి నొక్కేవాళ్ళే సగం మంది," అన్నాడు.

అందులో కొంత నిజం లేకపోలేదు. పందేలు కాసుకుని మరీ నొక్కేవాళ్ళు ఉన్నారు. ఆయన కొత్త నియమం పెట్టాడు. రిక్వెస్టు ముందు ఆయన టాబ్లెట్‌కి రావాలి. అది టంగుమని మోగాలి. ఆయన చూసి ఓకే నొక్కితేనే పెట్టెలు లేవాలి. సిగ్నలమ్మ రెండు రోజులు పోట్లాడింది. ప్రమాదంలో ఉన్నవాడు అడుగుతాడు సార్, వాడికి ఇవ్వడానికి ఇంకొకరి దయ ఎందుకు సార్ అంది. ఆయన చెవిన పెట్టలేదు.

రెండు వారాల తర్వాత మళ్ళీ పిలిచాడు. "నేను ఓకే చెయ్యనివన్నీ లిస్టులో పేరుకుపోతున్నాయమ్మా, చూస్తే తల తిరుగుతోంది. పది నిమిషాలు దాటినవి వాటంతటవే చెరిగిపోయేట్టు పెట్టు."

దీనికి మాత్రం ఆమె కిక్కురుమనలేదు. అప్పటికే పోట్లాడి విసిగిపోయి ఉంది, పైగా చిటికెలో పని. టీ చల్లారేలోపు రాసిపడేసింది. ఎక్కడా నకలన్నది మిగలకుండా చెరిగిపోయేట్టు రాసింది. ఏ పని చేసినా శుభ్రంగా చెయ్యాలనే మనిషి మరి.

ఆ తర్వాత తొమ్మిదో రోజున అన్నయ్య మీద దొంతర పడింది.

భోజనాల వేళ, ఏడో గది, పదకొండో వరస. పై అరలో ఒక ప్యాలెట్ వంకరగా ఇరుక్కుంది. చెక్కపీట మీద నిలువెత్తున పేర్చిన గడ్డకట్టిన పెట్టెలవి. ఎక్కడ పట్టుకుందో చూద్దామని అన్నయ్య బండి దిగాడు. అదే సమయానికి అది జారింది. మోకాళ్ళ కింది నుంచి రెండు కాళ్ళూ దాని కింద ఉండిపోయాయి. డ్రైవర్ల ఫోన్లు గేటు దగ్గర అరల్లో పెట్టి లోపలికి వెళ్ళాలన్నది అక్కడి పద్ధతి. చలిగాలి ఫ్యాన్ల మోతలో మనిషి అరుపు పక్క వరసకి కూడా వినపడదు. నలభై నిమిషాల తర్వాత, భోంచేసి వచ్చిన ఇంకో డ్రైవరు చూసేటప్పటికి ఆయనకి స్పృహ లేదు. రెండు పాదాల వేళ్ళన్నీ పోయాయి. కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి.

స్విచ్చు సారు నివేదిక రాశాడు. సదరు ఉద్యోగి బ్యాడ్జి బటన్ నొక్కలేదు, రికార్డులో ఏ రిక్వెస్టూ లేదు. పైగా నిబంధనలకు విరుద్ధంగా కుడిచేతి గ్లవ్ తీసివేశాడు. కావున ఇది స్వీయ నిర్లక్ష్యం. కింద అందంగా సంతకం.

ఆ కాగితం పట్టుకుని సిగ్నలమ్మ ఆయన గదిలోకి దూసుకెళ్ళింది. "సార్, ఆ బటన్ కందిబద్దంత ఉంటుంది. గ్లవ్ తియ్యకుండా దాన్ని నొక్కడం ఎవరివల్లా కాదు. మా అన్నయ్య నొక్కడానికే తీశాడు సార్!"

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "ఒళ్ళు గడ్డకట్టేటప్పుడు మతి తప్పి ఉన్న బట్టలు కూడా విప్పేసుకుంటారటమ్మా. డాక్టరే అన్నాడు. రెండు తప్పులు కలిపి ఒక ఒప్పు చెయ్యాలని చూడకు."

ఆమె బయటికొచ్చి, చేతులు కడుక్కుని, అద్దంలో తన మొహం చూసుకుంది. ఈయన్ని ఊరికే వదలకూడదు అనుకుంది. మాటలతో కాదు, ఆ చోటే, ఆ చలిలోనే, ఆ బటన్‌తోనే బదులు తీర్చుకోవాలి. అప్పటి నుంచి మొదలైంది నమస్కారం పెట్టడం.

ఇంట్లో అన్నయ్య కిటికీ పక్కన కూర్చుంటున్నాడు, పాదాలు ఎత్తుపీట మీద పెట్టుకుని. వేళ్ళు పోయినందుకు ఆయన ఏడవలేదు. ఆ నివేదిక ఆయన్ని తొలిచేసింది. ఇరవై ఏళ్ళు బండి నడిపి ఒక్క పెట్టె చిట్లించని మనిషి, ఇప్పుడు కుళాయి కట్టానా లేదా అని వదినని రెండేసిసార్లు అడుగుతున్నాడు. మందు వేసుకున్నది గుర్తుండక ఖాళీ అయిన అట్ట తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏమే, నిజంగా నొక్కానంటావా?" అని రోజూ అడిగేవాడు చెల్లెల్ని.

"నొక్కావన్నయ్యా."

"నొక్కుతూనే ఉన్నట్టు గుర్తు. కానీ రికార్డులో లేదంటున్నారుగా. మెషీను అబద్ధం చెప్పదని నువ్వే అనేదానివి. చలికి కలగన్నానేమో. నొక్కాననుకుని పడుకున్నానేమో."

"రికార్డే తప్పన్నయ్యా," అనేది ఆమె. ఎందుకు తప్పో చెప్పేది కాదు. చెప్పాలంటే ఆ చెరుపు రాసిన చెయ్యి ఎవరిదో చెప్పాలి. నాలుక మీదకి వచ్చిన మాట ప్రతిసారీ మింగేసేది. మింగినకొద్దీ స్విచ్చు సారు మీద పగ రెట్టింపయ్యేది. తన మీద రావలసిన కోపం కూడా ఆయన ఖాతాలోనే వేసేసిందేమో, ఆమెకే తెలియదు.

సందు దొరికింది. పొదుపు బాగా చేశాడని స్విచ్చు సారుకి పెద్ద పదవి ఇచ్చే ఆలోచనలో, పెద్దాఫీసు నుంచి ఇద్దరు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. సిగ్నలమ్మ పొద్దున్నే టీ కప్పుతో ఆయన గదికి వెళ్ళింది.

"సార్, ఎవరినో పంపడం కాదు, మీరే లోపలికి వెళ్ళి నొక్కితే వాళ్ళకి బాగా నచ్చుతుంది. మిమ్మల్నే సిస్టం వెతికి పట్టుకుంటే ఆ దర్జా వేరు."

ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "అవునమ్మా! నాకు తట్టనే లేదు చూశావా."

"ఏడో గదిలో నిలబడే చోటు నేను గుర్తు పెట్టి ఉంచుతాను సార్. అక్కడ సిగ్నలు బాగా వస్తుంది."

సిగ్నలు అన్ని చోట్లా బాగానే వస్తుంది. ఆమె పసుపురంగు టేపు తీసుకెళ్ళి పదకొండో వరసలో, అన్నయ్య పడిపోయిన చోట, నేల మీద ఇంటూ గుర్తు వేసింది.

ఆ రోజు పన్నెండయింది. మీటింగ్ హాల్లో పెద్ద తెర, పొడుగు బల్ల, ఆరు కుర్చీలు. పెద్దాఫీసు వాళ్ళలో ఒకాయన పొడుగ్గా ఉన్నాడు, ఒకావిడ కళ్ళజోడు పెట్టుకుంది. కాంటీన్ అక్క టీ కప్పులు సర్దుతోంది. స్విచ్చు సారు టై మీద జాకెట్టు, చేతులకి గ్లవ్‌లు, కాళ్ళకి మందపాటి బూట్లు వేసుకుని అంతరిక్షంలోకి వెళ్ళేవాడిలా నిలబడ్డాడు.

"అడిగితేనే సిగ్నలు! అదే మా పద్ధతి. నన్ను కనిపెట్టేదాకా ఆ గుర్తు మీంచి అడుగు కదిపితే ఒట్టు. గడియారం చూసుకోండి, రెండంటే రెండు సెకన్లు," అని, టాబ్లెట్ సిగ్నలమ్మ చేతికిచ్చాడు. "రిక్వెస్టు రాగానే ఓకే కొట్టెయ్యమ్మా."

"అలాగే సార్," అంది ఆమె. ఆ ప్రమాదం తర్వాత ఆయన తగ్గించి ఉంచిన టాబ్లెట్ చప్పుణ్ణి మళ్ళీ పెంచింది.

పన్నెండు గంటల ఐదు నిమిషాలకి టంగుమంది.

సిగ్నలమ్మ టాబ్లెట్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, టీ కప్పు అందుకుంది.

ఇంకోసారి టంగుమంది. ఇంకోసారి.

"అదేం చప్పుడు?" అడిగాడు పొడుగాయన.

"సారు అడుగుతున్నారండి."

"మరి తెర మీద ఏమీ రాదేం?"

"ఓకే చెయ్యాలి కదండీ. అడగడం లోపలున్నవాళ్ళ వంతు, ఇవ్వాలా వద్దా అన్నది టాబ్లెట్ చేతిలో ఉన్నవాళ్ళ ఇష్టం. సారు పెట్టిన పద్ధతే. పూర్తిగా చూడాలంటే పది నిమిషాలు పడుతుంది. టీ తాగండి."

పొడుగాయన అయోమయంగా చూశాడు. కళ్ళజోడావిడ సిగ్నలమ్మ మొహంలోకి చూస్తూ కూర్చుంది.

టంగు. టంగు. మొదట్లో నిమిషానికొకటి, తర్వాత రెండు, తర్వాత వరసగా. ఆ ప్రతి మోతా సిగ్నలమ్మ చెవికి ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయి చూసి ఆమెకే భయం వేసింది. ఇప్పుడు గ్లవ్ తీసి ఉంటాడు. ఇప్పుడు వేళ్ళు సూదులు గుచ్చినట్టు ఉంటాయి. ఇప్పుడు ఎవరూ వినడం లేదని తెలుస్తూ ఉంటుంది. ఇంకా నొక్కు, ఇంకా నొక్కు అనుకుంది. నలభై నిమిషాలు ఉంచెయ్యాలనిపించింది. ఉంచెయ్యగలనని కూడా తెలిసింది.

"ఆయన లోపల గడ్డకట్టుకుపోతారమ్మా!" అన్నాడు పొడుగాయన లేచి.

"కట్టరండి. జాకెట్టు ఉంది, బూట్లున్నాయి. కాళ్ళ మీద ఏ బరువూ లేదు, తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుంది. కావాలంటే నడిచొచ్చేస్తారు. పరువు పోతుందని ఆగారు."

పన్నెండుంపావుకి ఆమె టాబ్లెట్ తిప్పి ఇద్దరి ముందూ పెట్టింది. "ఇప్పుడు లిస్టు చూడండి. అన్నిటికంటే పైన ఉన్నది మొదట నొక్కింది."

చూస్తుండగానే ఆ పై వరస మాయమైంది. ఒక నిమిషానికి దాని కిందది. ఆ తర్వాత రెండు కలిపి.

"ఎక్కడికి పోయాయి?" అడిగింది కళ్ళజోడావిడ.

"చెరిగిపోయాయండి. పది నిమిషాల్లో చూడకపోతే ఇక ఆ మనిషి అడగనట్టే. సారు ఇప్పుడు అక్కడే పడిపోయి, ఎవరమూ చూసుకోకపోతే, సాయంత్రానికి రికార్డు తీసి చూపిస్తాను మీకు. ఆయన ఒక్కసారి కూడా నొక్కలేదనే ఉంటుంది."

కాంటీన్ అక్క అప్పటిదాకా తలుపు దగ్గర ట్రే పట్టుకుని అలాగే నిలబడి ఉంది. టాబ్లెట్ మళ్ళీ మోగింది. ఈ మాటలు విన్నాక ఆ మోత వినేసరికి ఆమె ఉలిక్కిపడింది.

"ఇదే చప్పుడమ్మా! ఆ రోజు మోగింది ఇదే!"

సిగ్నలమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది. "ఏ రోజక్కా?"

"అన్నయ్యకి దెబ్బ తగిలిన రోజు. సారు ఇక్కడే భోంచేస్తున్నారు. ఇది మోగుతూనే ఉంది. 'పనీపాటా లేని వెధవలు, తిండి కూడా తిననివ్వరు' అని విసుక్కుని అదిగో ఆ సొరుగులో పడేశారు. సొరుగులో కూడా మోగింది. నేను బల్ల తుడిచి, గిన్నెలు తీసుకెళ్ళి మళ్ళీ వచ్చేదాకా మోగుతూనే ఉంది. ఇంటి నుంచి ఎవరో ఫోను చేస్తున్నారనుకున్నానమ్మా. ఇదని నాకేం తెలుసు?"

ఈ మాట సిగ్నలమ్మ వేసుకున్న ఎత్తులో లేదు. ఆయన చూడలేదేమో, టాబ్లెట్ ఎక్కడో మరిచిపోయాడేమో అనే ఇన్నాళ్ళూ అనుకుంది. విన్నాడన్నమాట. విని, సొరుగు మూసి, ముద్ద కలుపుకుని తిని, తర్వాత తీరిగ్గా నొక్కలేదని రాశాడన్నమాట. ఆమెకి ఒళ్ళంతా మండిపోయింది. తలుపు బయటి నుంచి గడియ వేస్తే ఎలా ఉంటుందో కూడా ఒక్క క్షణం ఆలోచించింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం కంటే ఎక్కువే ఆలోచించింది.

తర్వాత ఓకే నొక్కింది. పన్నెండు గంటల పంతొమ్మిది నిమిషాలు.

రెండు సెకన్లలో తెర మీద చుక్క వెలిగింది. ఏడో గది, పదకొండో వరస, పసుపు టేపు మీద, అంగుళం తేడా లేకుండా.

"చూశారా," అంది సిగ్నలమ్మ. "మా అన్నయ్యకి కావలసింది ఇంతే."

స్విచ్చు సారు తలుపు తోసుకుని వచ్చినప్పుడు మీసాల మీద మంచు ఉంది. ఎడమచేతికి గ్లవ్ ఉంది, కుడిచేతిది చంకలో ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా ఆయన నోరు మాత్రం తగ్గలేదు.

"చెవుడా నీకు? ఇరవైసార్లు నొక్కాను! ఇరవైసార్లు!"

"రికార్డులో అన్ని లేవండి," అంది సిగ్నలమ్మ మెల్లగా.

"లేకపోవడమేంటి, నేను నొక్కానంటుంటే!"

కళ్ళజోడావిడ తాపీగా అడిగింది. "మీరు ఆ కుడిచేతి గ్లవ్ ఎందుకు తీశారు?"

"ఎందుకేంటండీ? తియ్యకపోతే ఆ బటన్ ఎలా నొక్కుతాను?"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. కళ్ళజోడావిడ ముందున్న ఫైల్లోంచి ఆ పాత నివేదిక తీసి, రెండో పేరా మీద వేలుపెట్టి, ఆయన వైపు తిప్పింది. ఆయన దాన్ని చూశాడు. కాంటీన్ అక్కని చూశాడు. సొరుగు వైపు చూశాడు. రంగు పాలిపోయిన మొహంతో కుర్చీలో కూలబడ్డాడు.

"ఇదంతా మీరు కావాలనే చేశారు," అన్నాడు పొడుగాయన సిగ్నలమ్మతో.

"కావాలనే చేశానండి. నన్నేం చేసుకుంటారో చేసుకోండి. ముందు ఆ నివేదిక మార్చండి."

సాయంత్రం నాలుగింటికల్లా నివేదిక కొట్టివేస్తున్నట్టు కాగితం వచ్చింది. స్విచ్చు సారుని వారం తిరక్కుండానే విచారణకి పిలుస్తారట. ఆ కాగితం పట్టుకుని ఆమె ఇంటికి పరిగెత్తింది. చెప్పులు కూడా సరిగా విప్పకుండా అన్నయ్య ముందు కూర్చుని అంతా చెప్పింది. టంగుమన్న చప్పుడు, సొరుగు, చంకలో గ్లవ్, మీసాల మీద మంచు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది.

అన్నయ్య కాగితం రెండుసార్లు చదివాడు. "అయితే నొక్కానన్నమాట."

"నొక్కావు. కాంటీన్ అక్క విన్నది."

"నాకు మతి పోలేదన్నమాట." ఆయన నవ్వాడు. రెండు నెలల్లో మొదటిసారి ఆ నవ్వు కళ్ళదాకా వచ్చింది. "ఎంతసేపు నిలబెట్టావే ఆయన్ని?"

"పద్నాలుగు నిమిషాలు."

"నలభై నిలబెట్టాల్సింది," అన్నాడు. చీమకి కూడా హాని తలపెట్టని మనిషి నోట ఆ మాట విని వదిన కూడా కాదనలేదు. తర్వాత ఆయన కాగితం మడుస్తూ మడుస్తూ ఆగాడు. "అది సరే. నేను నొక్కినవి పది నిమిషాల్లో పోయాయన్నావు. పోయేట్టు పెట్టిందెవరు?"

ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. ఇన్నాళ్ళూ మింగిన మాటే. ఇక మింగడానికి గొంతులో చోటు లేదు.

"నేనే అన్నయ్యా."

"నువ్వా?"

"ఆయన పెట్టమన్నాడు, పెట్టాను. టీ చల్లారేలోపు."

"ఎందుకని అడిగావా?"

"అడగలేదు."

అన్నయ్య తన కుడిచెయ్యి ఎత్తి, మిగిలిన మూడు వేళ్ళనీ చూసుకున్నాడు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి. ఆయన కోప్పడలేదు.

"నేను కలగన్నానేమోనని ఇన్నాళ్ళూ నిన్ను అడుగుతూనే ఉన్నాను. నీకు తెలిసీ చెప్పలేదు."

"చెప్పలేకపోయాను."

"ఆయన్ని పద్నాలుగు నిమిషాలు నిలబెట్టావు. మరి నిన్నెంతసేపు నిలబెట్టమంటావు?"

వదిన ఏదో అనబోతే ఆయన చేత్తో ఆపాడు. "పొద్దున్నే వెళ్ళి దాన్ని తీసెయ్. తీసేదాకా నాతో మాట్లాడకు," అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు ఇంకా ఎవరూ రాకముందే ఆమె ఆఫీసులో కూర్చుంది. చెరిపే ముక్క తీసేసింది. మధ్యలో ఓకే కోసం ఆగే ముక్క కూడా తీసేసింది. దానికి ఎవరి అనుమతీ అడగలేదు. అరగంట కూడా పట్టలేదు. తర్వాత జాకెట్టు వేసుకుని, బ్యాడ్జి తగిలించుకుని ఏడో గదిలోకి వెళ్ళి, పసుపు టేపు మీద నిలబడింది. కుడిచేతి గ్లవ్ తీసి, బటన్ నొక్కింది.

పైన నాలుగు పెట్టెల మీద పచ్చదీపాలు వెలిగాయి. రెండు సెకన్లకి ఆరిపోయాయి. పనిచేస్తోంది. ఇక బయటికి వచ్చెయ్యవచ్చు. ఆమె రాలేదు, గ్లవ్ కూడా తొడుక్కోలేదు. ముందు వేళ్ళు మండాయి, తర్వాత నొప్పెట్టాయి, ఆ తర్వాత అవి తనవి కానట్టు అయిపోయాయి. వాచీలో ఏడు నిమిషాలయ్యాయి. తొమ్మిదయ్యాయి. అన్నయ్య ఇక్కడ పడుకుని ఈ ఫ్యాన్ల మోతే విన్నాడు కదా అనుకుంది. పదకొండయ్యాయి.

జేబులో ఫోను మోగింది. పనికోసమని ఇంజనీర్లకి మాత్రం లోపలికి ఫోను తెచ్చుకోనిస్తారు. ఎడమచేత్తో తీసింది.

"తీసేశావా?" అన్నయ్య గొంతు.

"తీసేశానన్నయ్యా."

"నొక్కి చూశావా?"

"చూశాను. పలికాయి."

ఫ్యాన్ల మోత ఆయనకి వినపడుతున్నట్టుంది.

"సరే," అన్నాడు. "ఇక గ్లవ్ తొడుక్కుని బయటికి రా."